సిద్ధబీజోత్పత్తియందలి జన్యునిగ్రహము



కస్తూరి రంగకవి తన ఛందోగ్రంథమును ఆనందరంగ పిళ్ళెకు అంకితమొనర్చుటచే తెలుగు లక్షణవాఙ్మయమున స్థానము గడించిన ఈ పుదుచ్చేరి పురమున, విజ్ఞానసభకు నన్ను అధ్యక్షునిగా నిలిపిన మీ సౌజన్యమునకు కృతజ్ఞుడను.

ఈశాన్య ఋతుపవనపు తొలిజల్లు ఇచ్చటి ఎఱ్ఱనేలపై పడినంతనే లేచు మృద్గంధము మనకందఱకును పరిచితమే. దానికి ముఖ్యకారణమైన జియోస్మిన్‌ను పుట్టించునవి స్ట్రెప్టోమైసిస్ మొదలగు తంతురూప బాక్టీరియములు. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు లెడర్లీ సంస్థలో పరిశోధనలకు అధిపతియై యుండగా, బెంజమిన్ డగ్గర్ మిస్సోరి మట్టినుండి వేఱుచేసిన ఇట్టి జీవియే 1948లో లోకమునకు ఆరియోమైసిన్‌ను ప్రసాదించినది. ఈ జీవి ఔషధమును ఎప్పుడు చేయును, సిద్ధబీజమును ఎప్పుడు కట్టును అను ప్రశ్నలు రెండును ఒకే శాసనమునకు లోబడినవని మనవిచేయుటయే నా ఉద్దేశము.

ఆహారమున్నంతకాలము శాఖోపశాఖలుగా మట్టిలో ప్రాకు ఈ జీవి, అది క్షీణింపగా గాలిలోనికి తంతువులను నిలిపి, ఒక్కొక్కదానిని ఏకకాలమున అనేక కుడ్యములచే విభజించి, సిద్ధబీజమాలికగా మార్చును. నార్విచ్ నగరమందలి జాన్ ఇన్నెస్ సంస్థలో డేవిడ్ హాప్‌వుడ్, కీత్ ఛేటర్ ప్రభృతులు, వాయుతంతువులే లేవని లోపజాతులను ‘బాల్డ్’ అనియు, తంతువులు లేచియు బూడిదవన్నె బీజములుగా పండక తెల్లగా నిలిచిపోవువానిని ‘వైట్’ అనియు విభజించి, ఆ లోపముల మూలమున జన్యువులను గుర్తించిరి. బాల్డ్-ఎ జన్యువు చేయునది ప్రోటీను కాదు, లూసీనును తెచ్చియిచ్చు వాహక ఆర్‌ఎన్‌ఏ. స్ట్రెప్టోమైసిస్ సీలికలర్‌నందు 2002లో లెక్కింపబడిన 7,825 జన్యువులలో దాని అవసరము కలవి మిక్కిలి కొలదియే యైనను, అది లోపించినచో వాయుతంతువులును లేవవు, వర్ణయుతములైన ఆంటీబయాటిక్కులును పుట్టవు.

బాల్డ్-డి మహిమ అంతకంటె ఆశ్చర్యకరము. సైక్లిక్-డై-జిఎంపి అను సంకేతాణువులు నాలుగు కూడి రెండు బాల్డ్-డి ప్రోటీనులను జతపఱుపగా, ఆ జంట సిద్ధబీజజన్యువులను అణచియుంచునని 2014లో తెలిసినది. ఆ అణువే మఱియొక ప్రోటీను సాయమున సిద్ధబీజజన్యువులను మేల్కొలుపు వైట్-జి అను సిగ్మాకారకమును బంధించునని 2020లో వెల్లడియైనది. బాల్డ్-డి నశించిన స్ట్రెప్టోమైసిస్ వెనిజులే వాయుతంతువులను నిలుపకయే అకాలమున బీజములను కట్టును. కావున పరిపక్వత ప్రేరణమువలననే కాదు, తగిన కాలమువఱకు సాగు నిగ్రహమువలనను సిద్ధించుచున్నది. జియోస్మిన్ జన్యువులును సిద్ధబీజజన్యువుల అధికారులకే లోబడి, బీజములు పండువేళకు గంధమును వెదజల్లి, వానిని మోసికొనిపోవు స్ప్రింగ్‌టెయిల్ అను నేలపురుగులను రప్పించుచున్నవి.

యువపరిశోధకులారా! ఈ ఎఱ్ఱమట్టిని, యానాము గోదావరీతీరపు ఒండ్రును మీరు పరిశీలించునపుడు, బీజము కట్టని గుంపును వంధ్యమని పారవేయకుడు. దాని లక్షణమును వ్రాసికొని భద్రపఱుపుడు. ఈ శాస్త్రమంతయు అట్టి లోపజాతులను ఆదరించినవారి ఓర్పుచేతనే వెలసినది. ఈ సదస్సునందు పఠింపబడు వ్యాసములు ఆ ఓర్పును మనకు నేర్పుగాక యని ఆశించుచు, సభాకార్యమును ఆరంభించుచున్నాను.