టైలింగ్స్ ఎటు పోతున్నాయి?

పట్టాలు అందుకుంటున్న మిత్రులారా!

శనివారం నాడు వాడపల్లిలో సభ పెట్టి నిర్వాహకులు ఇంతమందిని కూర్చోబెట్టారు. మీ అమ్మానాన్నల్లో కొందరైనా ఇక్కడి వెంకన్నకు ఏడు శనివారాలు మొక్కుకునే ఉంటారు. మీ సప్లిమెంటరీల సంగతి ఆయన చూసుకున్నాడు. నేను ఇనుము సంగతి చెబుతాను.

వరద తీశాక గౌతమి ఇసుక తిన్నెల మీద నల్ల చారలు చూసే ఉంటారు. అయస్కాంతం పెడితే కొంత అంటుకుంటుంది కూడా. తేలిక ఇసుకను ఏరు తోసుకుపోతే బరువైన ఖనిజం దిగబడిపోయింది. అమెరికాలో హంఫ్రీస్ అనే ఆయన 1943 నాటికి ఈ పనినే స్పైరల్ అనే మెలికలు తిరిగిన గాడిలో చేయించాడు. స్పైరల్ పక్కన నిలబడి చూడండి: హెమటైట్ అనే ఇనుప ఖనిజం లోపలి అంచున నల్లటి పట్టీ కడుతుంది, ఎర్ర బురదనీళ్లు బయటి అంచు పట్టుకుని దిగుతాయి. ఆ రెంటినీ విడదీసేది కిందనున్న చిన్న స్ప్లిటర్ రేకు.

హెమటైట్ సాంద్రత దాదాపు 5.2, ఇసుకలోని క్వార్ట్జ్‌ది 2.65. రెంటిలోంచీ నీటి వంతు ఒకటి తీసేస్తే 4.2, 1.65 మిగులుతాయి. అంటే రెండున్నర రెట్లు. అంత తేడా ఉంటే రేణువు 75 మైక్రాన్లకు సన్నబడేదాకా విడదీయడానికి పెద్ద ఢోకా లేదు. బైలడిల్లా ఇనుప గనుల లాంటి చోట్ల అసలు చిక్కు అల్యూమినా ఉన్న బంకమట్టితో. అది 20, 30 మైక్రాన్ల కిందికి దిగిపోయి ఉంటుంది. అంత సన్నంలో రేణువు సైజు పదోవంతయితే మునిగే వేగం నూరోవంతు అవుతుంది. ఇనుమూ మట్టీ కలిసే కొట్టుకుపోతాయి. ఫాల్కన్, నెల్సన్ యంత్రాలు గిరగిరా తిప్పి బరువును ఎన్నో రెట్లు చేస్తాయి, కరెంటు బిల్లును కూడా.

స్ప్లిటర్ జరిపి ఆ నల్ల పట్టీని ఇరుకు చేస్తే కాన్సంట్రేట్ గ్రేడ్ పెరుగుతుంది, సాయంత్రం రిపోర్టు ముచ్చటగా ఉంటుంది. వదిలేసిన ఇనుము మాత్రం టైలింగ్స్ అనే వ్యర్థాల చెరువుకు పోతుంది. బైలడిల్లా కొండల నీళ్లు శంఖిని, డంకిని నదుల మీదుగా ఇంద్రావతిలోకి, అక్కణ్ణుంచి గోదావరిలోకి వస్తాయి. ధవళేశ్వరం దాటాక దాని పాయ గౌతమి మన రేవుకే వస్తుంది. బైలడిల్లాలో ఉద్యోగంలో చేరిన కోనసీమ పిల్లలు తమ ఇంటి నీటికి ఎగువన కూర్చున్నట్టే.

ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే కాన్సంట్రేట్‌లో ఇనుము శాతం మీకు అందరూ చెబుతారు. టైలింగ్స్‌లో ఇనుమెంత, అందులో 20 మైక్రాన్ల కింద ఎంత అని మీరు అడగండి. ఎవరూ నమూనా తీయడం లేదంటే ఫోర్‌మన్‌గారిని బతిమాలి మీరే తీసి, ల్యాబ్ రిజిస్టర్లో రాయించండి.