దొడ్లో పాదు, ఓడెక్కి వచ్చిన నూనె
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నన్ను పెరటి కూరల గురించి మాట్లాడమన్నారు. మన చోడవరంలో చదువుకున్న చాలామందికి ఇది చిన్ననాటి సంగతే. దొడ్లో గోడవార ఆనపపాదు, నూతి గట్టున బచ్చలి, మూలన ములగచెట్టు, నీళ్లు పారేచోట కంద. బజారుకు పోయేది ఉల్లిపాయలకీ, బంగాళాదుంపలకీ. ఆ దొడ్లలో చాలావాటికి ఇప్పుడు సిమెంటు చేయించేశాం.

విదేశీ సరుకు మాని పెరటి కూర తింటే భూమికి మేలు అంటారు. కొంచెం లెక్క చూద్దాం. మనం రోజూ తినే కూరగాయలు విదేశాల నుంచి రావు. టమాటా మదనపల్లె నుంచి వస్తుంది. విదేశం నుంచి వచ్చేది ఆ కూరలో పోసే నూనె. దేశంలో వాడే వంటనూనెలో సగానికి పైగా దిగుమతే. అందులో పెద్ద వాటా ఇండోనేషియా, మలేషియాల పామాయిలుది. మన కాకినాడ రేవులోనూ అది దిగుతుంది.

టన్ను సరుకును ఒక కిలోమీటరు మోయడానికి ఓడ వదిలే బొగ్గుపులుసు వాయువు సుమారు 10 నుంచి 20 గ్రాములు. లారీ అయితే 100 గ్రాముల దాకా. సుమత్రా నుంచి 2,500 కిలోమీటర్లు వచ్చిన కిలో నూనెకు మహా అయితే 50 గ్రాములు. మదనపల్లె నుంచి 800 కిలోమీటర్లు లారీలో వచ్చిన కిలో టమాటాకు 80! లెక్కల మాస్టారి దగ్గర దెబ్బలు తిన్నవాళ్లు సరిచూసుకోవచ్చు.

అలాగని పామాయిలు మంచిదైపోదు. దాని అసలు ఖరీదు ప్రయాణంలో లేదు, పండిన నేలలో ఉంది. సుమత్రా, బోర్నియోల్లో అడవులు కొట్టి, చిత్తడి నేలలు ఎండగట్టి వేసిన తోటలెన్నో. 2015లో ఆ ప్రాంతంలో రేగిన మంటల పొగ కమ్మి సింగపూరులో బళ్లు మూసేశారు.

మరి దొడ్లో ఆనపకాయ దీన్నేం ఆపుతుంది? నేరుగా ఆపలేదు. కానీ పెరటి కూర ఎక్కువగా పులుసుకీ, పప్పులోకీ పోయేది. దానికి తాలింపు నూనె చాలు. బంగాళాదుంప వేపుడికి చాలదు. పైగా అప్పుడే కోసిన తోటకూర వాడిపోయి చెత్తలోకి పోదు. అయితే వేసవిలో మోటారు వేసి బోరు నీళ్లు పెడితే ఈ లాభంలో కొంత కరెంటుకే పోతుంది. వంటింటి నీళ్లు మళ్లించాలి.

ఇక అసలు విషయం. స్వర్ణోత్సవ నిధిలో మిగిలే సొమ్ముతో బడి ముందు ఆర్చి కట్టాలని ప్రతిపాదన. నా ఓటు బడి వెనక ఖాళీ జాగాకి. బళ్లలో కూరల తోటలు పెంచమని కేంద్ర ప్రభుత్వం 2019లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. పిల్లలు కంచాలు కడిగే నీళ్లు ఎలాగూ అటే పారుతున్నాయి. కంచె, పందిరి రాటలు, వేసవి సెలవుల్లో నీళ్లు పోసే మనిషికి జీతం, ఇవీ ఖర్చులు. ఆ చివరిది ముందే తేల్చుకోకపోతే మే నెలలో అంతా ఎండిపోతుంది. ఆనప, బీర, చిక్కుడు గింజలు ఇంట్లో దాచినవాళ్లు భోజనాల దగ్గర నాకు కనిపించండి.