ఆటస్థలంలో ఆడపిల్లల వాటా: అమెరికా కాలేజీల్లో ఒక చట్టం చేసిన పని



పొద్దుటి నుంచి పొదుపు, బ్యాంకు లింకేజీ, రికవరీ లెక్కలు విన్నారు. ఇప్పుడు కాసేపు ఆటల గురించి చెప్పుకుందాం. అప్పుల లెక్కల మధ్య ఆటలేమిటమ్మా అనుకోవద్దు, ఇదీ లెక్కల సంగతే. నలుగురి సొమ్ముతో నడిచే చోట ఆడవాళ్ల వాటా ఎంత? ఆ వాటా అందిందో లేదో చూసేదెవరు? ఈ రెండు ప్రశ్నల మీద అమెరికా కాలేజీల్లో యాభై ఏళ్లకు పైగా తగవు నడుస్తోంది. మన తెలుగు కుటుంబాల పిల్లలు కూడా అక్కడ చదువుకుంటున్నారు కాబట్టి అది మనకు మరీ దూరపు కథ కూడా కాదు.

1972 జూన్ 23న అమెరికా అధ్యక్షుడు నిక్సన్ విద్యా చట్టం ఒకదాని మీద సంతకం చేశారు. అందులోని తొమ్మిదో భాగాన్ని అక్కడ 'టైటిల్ నైన్' అంటారు. దానిలోని అసలు వాక్యం ఇంగ్లీషులో 37 మాటలే. ప్రభుత్వ నిధులు తీసుకునే ఏ విద్యా కార్యక్రమంలోనూ ఆడ, మగ అన్న కారణంతో ఎవరినీ బయట పెట్టకూడదు, ఎవరికీ ప్రయోజనం ఆపకూడదు అన్నది దాని సారం. ఆ వాక్యంలో ఆట అన్న మాటే లేదు. దాని కోసం గట్టిగా నిలబడినవాళ్లలో ఈడిత్ గ్రీన్, ప్యాట్సీ మింక్ అనే ఇద్దరు మహిళా సభ్యులున్నారు. హవాయి నుంచి గెలిచిన మింక్ చిన్నప్పుడు డాక్టరు కావాలనుకుంది. ఆడపిల్ల కావడం వల్ల మెడికల్ కాలేజీలు ఆమెకు తలుపులు మూశాయి.

అప్పట్లో అక్కడి హైస్కూళ్లలో 36 లక్షలకు పైగా మగపిల్లలు జట్లలో ఆడుతుంటే, ఆడపిల్లలు 3 లక్షలు కూడా లేరు. కాలేజీ జట్లలో ఆడవాళ్లు దాదాపు 30 వేలమందే. ఆటను చూసి చదువుకు స్కాలర్‌షిప్ ఇవ్వడం అబ్బాయిలకు మామూలే, అమ్మాయిలకు మాత్రం దాదాపు లేదు.

చట్టం ఆటలకూ వర్తిస్తుందని తేలగానే పెద్ద కాలేజీలు గగ్గోలు పెట్టాయి. డబ్బు తెచ్చే ఆటలను దీని నుంచి మినహాయించాలని 1974లో ఒక సెనేటరు సవరణ తెచ్చారు, అది నిలవలేదు. 1975లో నియమాలు వచ్చాయి. కాలేజీలు సర్దుకోవడానికి 1978 దాకా గడువిచ్చారు.

అయితే కాగితం మీద నియమం వచ్చినంత మాత్రాన నీళ్లు రాలేదు. ఈ మాట నిజంగా నీళ్ల గురించే. యేల్ విశ్వవిద్యాలయంలో పడవ పందేల అమ్మాయిలకు నది దగ్గర స్నానాల గదులు లేవు. చలికాలంలో సాధన ముగించుకుని తడిబట్టలతో బస్సులో కూర్చుంటే, అబ్బాయిలు లోపల వేడినీళ్ల స్నానం చేసి వచ్చేవాళ్లు. 1976 మార్చిలో 19 మంది అమ్మాయిలు ఒంటి మీద 'టైటిల్ నైన్' అని రాసుకుని క్రీడా విభాగం ఆఫీసులోకి వెళ్లారు. అక్కడ పైబట్టలు తీసి, తమ ఒళ్లు పడుతున్న బాధ ఏమిటో చదివి వినిపించారు. వార్త పేపర్లకెక్కింది, ఆ తర్వాతే సౌకర్యాలు కదిలాయి. ఆ అమ్మాయిలు కొత్త చట్టమేమీ అడగలేదు, అప్పటికే ఉన్న చట్టాన్నే గుర్తుచేశారు.

మరి వాటా అందిందని ఎలా తేల్చాలి? 1979లో ప్రభుత్వం మూడు దారులు చెప్పింది. కాలేజీ ఏ ఒక్క దారిలో సరిపోయినా చాలు. మొదటిది నిష్పత్తి: కాలేజీలో నూటికి 55 మంది అమ్మాయిలుంటే, జట్లలో ఉన్నవాళ్లలోనూ దాదాపు 55 మంది అమ్మాయిలుండాలి. రెండోది, వెనకబడి ఉన్న వాళ్ల అవకాశాలను ఏటేటా పెంచుతూ వస్తున్నామని చూపించడం. మూడోది, ఆడాలనే కోరిక, సత్తువ ఉన్న అమ్మాయిలందరికీ ఇప్పటికే చోటిచ్చామని చూపించడం. ఇవి కాక స్కాలర్‌షిప్ డబ్బు ఆటగాళ్ల సంఖ్యను బట్టి పంచాలి. సామాన్లు, ప్రయాణం, శిక్షకులు, మైదానం వేళలు, బట్టలు మార్చుకునే గదులు, వైద్యం కూడా సమానంగా చూడాలి. ప్రతి రూపాయీ సరిసమానంగా ఉండాలని మాత్రం కాదు. ఒక ఆట సామాను ఖరీదెక్కువ కావచ్చు. కానీ ఒకరికి కొత్త బూట్లు, ఇంకొకరికి పాతవి ఇవ్వడం కుదరదు.

1991లో బ్రౌన్ విశ్వవిద్యాలయం ఖర్చు తగ్గించుకోవాలని రెండు అమ్మాయిల జట్లకు, రెండు అబ్బాయిల జట్లకు డబ్బు ఆపేసింది. ఇటు రెండు, అటు రెండు, న్యాయంగానే ఉంది కదా అనిపిస్తుంది. అమ్మాయిలు కోర్టుకెక్కాక అసలు లెక్క బయటపడింది. చదువుకునేవాళ్లలో ఆడవాళ్లు 51 శాతం, ఆటగాళ్లలో 38 శాతం. తక్కువున్న చోట, ఎక్కువున్న చోట సమానంగా కోస్తే తేడా అలాగే ఉండిపోతుంది. అమ్మాయిలకు ఆటలంటే ఆసక్తి తక్కువని కాలేజీ వాదించింది. అవకాశం లేనిచోట ఆసక్తి ఎలా పెరుగుతుందని కోర్టు ఆ వాదన కొట్టేసింది. 1997లో సుప్రీంకోర్టు కూడా ఆ తీర్పును కదపలేదు.

ఈ లోగా 1994లో ఇంకో చట్టం వచ్చింది. ప్రతి కాలేజీ ఎంతమంది అమ్మాయిలు, ఎంతమంది అబ్బాయిలు ఆడుతున్నారో, ఎవరి మీద ఎంత ఖర్చయిందో ఏటా లెక్క బయట పెట్టాలి. పుస్తక నిర్వహణ లేని సంఘం ఎలా ఉంటుందో మనకు తెలుసు. లెక్క బయటికొచ్చాక తల్లిదండ్రులే అడగడం మొదలుపెట్టారు.

ఫలితం చిన్నది కాదు. ఇప్పుడు అక్కడి హైస్కూలు జట్లలో 30 లక్షలకు పైగా ఆడపిల్లలు, కాలేజీ జట్లలో 2 లక్షలకు పైగా అమ్మాయిలు ఆడుతున్నారు.

అంతా మంచే జరిగిందని చెప్పలేం. 1972లో అమ్మాయిల జట్లకు శిక్షకుల్లో నూటికి 90 మందికి పైగా ఆడవాళ్లే. ఇప్పుడు సగం కూడా లేరు. జీతం లేనంత కాలం ఆ పని ఆడవాళ్లది. జీతం పెరగగానే కుర్చీ చేతులు మారింది. ఇది వినగానే ఇక్కడ కొందరు నవ్వారు, ఎందుకు నవ్వారో మాకు తెలుసు.

రెండో సంగతి, కొన్ని కాలేజీలు అబ్బాయిల కుస్తీ, జిమ్నాస్టిక్స్ జట్లు ఎత్తేశాయి. 'ఆడవాళ్ల చట్టం వల్ల మా ఆట పోయింది' అన్నారు. కుస్తీ శిక్షకుల సంఘం 2002లో కోర్టుకు కూడా వెళ్లింది, అక్కడ నెగ్గలేదు. ఆట పోయిన కుర్రాళ్ల బాధ నిజమే. కానీ ఏ జట్టునూ తీసేయమని చట్టం చెప్పలేదు. అక్కడి ఫుట్‌బాల్, అంటే చేతులతో బంతి పట్టుకుని ఆడేది, ఒక్కో జట్టులో వందమంది దాకా మగవాళ్లుంటారు. దాని ఖర్చు ముట్టుకోకుండా చిన్న ఆటలను కోసి, నెపం అమ్మాయిల మీద వేసిన కాలేజీలున్నాయి.

మూడోది దొంగలెక్క. అమ్మాయిల జట్టుతో సాధన చేయడానికి వచ్చే అబ్బాయిలను కూడా ఆ జట్టు లెక్కలోనే చూపించే పద్ధతి ఉంది. అందుకే అంకె చూసి ఊరుకోకూడదు, అంకె వెనక మనుషులను చూడాలి.

2021లో అక్కడి కాలేజీల జాతీయ బాస్కెట్‌బాల్ పోటీల్లో అబ్బాయిలకు పెద్ద వ్యాయామశాల ఏర్పాటు చేసి, అమ్మాయిలకు ఒక్క స్టాండు డంబెల్స్ పెట్టారు. ఒక క్రీడాకారిణి ఫోన్లో వీడియో తీసి అందరికీ చూపించింది. రోజుల్లోనే సామాన్లు వచ్చాయి. చట్టం పుట్టిన 49 ఏళ్లకూ ఎవరో ఒకరు చూపించాల్సే వచ్చింది.

ఇందులోంచి మనం తీసుకెళ్లే పని ఒకటుంది. మన ఊరి బడిలో తల్లుల కమిటీలో ఉన్నది మనమే. వచ్చే గ్రామ సంఘం సమావేశంలో నాలుగు ప్రశ్నలు రాసుకుందాం. ఆటల పీరియడ్‌లో ఎంతమంది ఆడపిల్లలు మైదానంలో ఉంటున్నారు? ఆటసామాను ఎవరి చేతిలో ఉంటోంది? బట్టలు మార్చుకోవడానికి గది, నీళ్లున్న మరుగుదొడ్డి ఉన్నాయా? పెద్దమనిషి అయ్యాక ఎంతమంది ఆట మానేశారు? జవాబులు తీర్మానాల పుస్తకంలో తేదీ వేసి రాయండి. మూడు నెలలకు మళ్లీ వెళ్లి, అవే నాలుగు ప్రశ్నలు అడిగి, పక్కన కొత్త జవాబు రాయండి. వచ్చే మహాసభకు ఆ పుస్తకాలు తీసుకురండి, ఇక్కడే కూర్చుని చదువుకుందాం.