ఆటల మీద పరిశోధనకూ ఆసరా కావాలి

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

చదువు గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు అడిగారు. ఏటా మనం పదో తరగతి, ఇంటర్ ఫలితాల గురించే మాట్లాడుకుంటున్నాం. ఈసారి పైమెట్టు గురించి, అంటే పిహెచ్‌.డి. గురించి మాట్లాడతాను. అందులోనూ మీకు వింతగా తోచే విషయం: వీడియో గేముల మీద పిహెచ్‌.డి.

నవ్వకండి. ఒకప్పుడు నేను నవ్వాను. ముందు ఆ సంగతే చెబుతాను.

కొన్నేళ్ల క్రితం మా బడిలో చదివిన కుర్రాడొకడు ఎం.టెక్‌. పూర్తిచేసి మా ఇంటికి వచ్చాడు. తండ్రి ఆటో నడిపేవాడు. "టీచర్, పిహెచ్‌.డి.లో సీటు వచ్చింది. పిల్లలు వీడియో గేము ఆడుతూ ఎక్కడ ఆగిపోతున్నారు, ఎందుకు ఆగిపోతున్నారు అని లెక్కగట్టే పని. ఫెలోషిప్ డబ్బు చేతికొచ్చే దాకా ఆరు నెలలు ఎలా గడపాలో తెలియడం లేదు. సంఘం పెద్దలకు ఒక మాట చెబుతారా?" అన్నాడు. నేను నవ్వి, "ఆటల మీద డాక్టరేటా బేటా! ముందు ఉద్యోగం చూసుకో, చెల్లెలి పెళ్లి ఉంది కదా" అన్నాను. సంఘం దాకా ఆ మాట తీసుకురానేలేదు. వాడు చెన్నైలో ఉద్యోగంలో చేరిపోయాడు. ఏటా రంజాన్‌కు ఈ సంఘానికి డబ్బు పంపుతాడు. నా మీద వాడికి కోపం లేదు. మొన్న ఫోనులో మాత్రం, "నేను చేద్దామనుకున్న పని ఇప్పుడు వేరేవాళ్లు చేశారు టీచర్" అన్నాడు. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

బి.ఇడి.లో 'ఆట ద్వారా బోధన' అనే పాఠం చదివి మంచి మార్కులు తెచ్చుకున్నదాన్ని నేను. బడికి వచ్చాక మరచిపోయాను. తెలియక నవ్వాను కాబట్టి, ఆ తర్వాత తెలుసుకోవడం మొదలుపెట్టాను.

మొదట మీ మనసులోని అనుమానం తీరుస్తాను. నేను చెప్పేది డబ్బు పెట్టి ఆడే ఆటల గురించి కాదు. ఆన్‌లైన్ రమ్మీ, పేకాట మన రాష్ట్రంలో 2020లోనే నిషేధించారు. 2025లో కేంద్రం తెచ్చిన చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించింది. జూదం వేరు, ఆట వేరు. ఆ తేడా మన మతం మనకు ముందే చెప్పింది.

ఆటల మీద పరిశోధన కొత్తదీ కాదు. పదో శతాబ్దంలో బాగ్దాదులో అస్‌-సూలీ అనే పండితుడు చదరంగం మీద పుస్తకాలు రాశాడు. ఆయన ఇచ్చిన ఒక చిక్కు సమస్యకు జవాబు దొరకడానికి దాదాపు వెయ్యేళ్లు పట్టింది. కంప్యూటర్లు వచ్చిన కొత్తల్లో, 1952లో, కేంబ్రిడ్జిలో అలెగ్జాండర్ డగ్లస్ అనే విద్యార్థి మనిషికీ కంప్యూటరుకూ మధ్య వ్యవహారం మీద పిహెచ్‌.డి. చేస్తూ, మన పిల్లలు పలక మీద ఆడే సున్నా–ఇంటూ ఆటను కంప్యూటరుతో ఆడించాడు. ఇక ఈ కాలంలో డెమిస్ హసాబిస్ ఉన్నాడు. కుర్రతనంలో వీడియో గేములు తయారుచేసేవాడు. 2009లో లండన్‌లో మెదడు శాస్త్రంలో పిహెచ్‌.డి. పొంది, మరుసటి ఏడు డీప్‌మైండ్ కంపెనీ పెట్టాడు. వాళ్లు ముందు కంప్యూటరుకు ఆటలు నేర్పారు. తర్వాత ప్రోటీన్ల ఆకారం కనిపెట్టే పని చేపట్టారు. దానికే ఆయన 2024లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి పంచుకున్నాడు.

కంపెనీతో కలిసి పిహెచ్‌.డి. చేయడం అంటే ఏమిటో కూడా చెబుతాను. విద్యార్థికి విశ్వవిద్యాలయంలో ఒక గైడు ఉంటారు, కంపెనీలో ఇంకొకరు ఉంటారు. కంపెనీ దగ్గర సమస్య ఉంటుంది, లక్షల మంది ఆడిన ఆటల వివరాలు ఉంటాయి. విశ్వవిద్యాలయం దగ్గర ఓపిక, శాస్త్రం ఉంటాయి. విద్యార్థి కొన్ని నెలలు కంపెనీలో కూర్చుని పనిచేస్తాడు. ఇంగ్లండులో 2014 నుంచి యార్క్, ఎసెక్స్, గోల్డ్‌స్మిత్స్ విశ్వవిద్యాలయాలు కలిసి ప్రభుత్వ సాయంతో ఆటల మీదే పిహెచ్‌.డి.లు చేయించే కేంద్రం నడిపాయి. తర్వాత క్వీన్ మేరీ విశ్వవిద్యాలయం కూడా చేరింది. ఆటల కంపెనీలు అందులో భాగస్వాములు.

విశ్వవిద్యాలయమూ కంపెనీ కలిస్తే ఏం జరుగుతుందో ఒక ఉదాహరణ. 2016లో సీ హీరో క్వెస్ట్ అనే ఆట వచ్చింది. సముద్రంలో పడవ నడుపుతూ దారి గుర్తుపెట్టుకోవడమే ఆట. డబ్బు ఒక టెలిఫోన్ కంపెనీది, ఆట తయారీ లండన్‌లోని ఒక చిన్న సంస్థది, ప్రశ్న శాస్త్రవేత్తలది. ముసలితనంలో మతిమరుపు జబ్బు వచ్చేవారు తొలిదశలోనే దారి తప్పుతుంటారు కదా, ఆరోగ్యంగా ఉన్న మనిషి ఏ వయసులో దారి ఎంత బాగా గుర్తుపడతాడో ముందు తెలియాలి. 40 లక్షల మందికి పైగా ఆ ఆట ఆడారు. ప్రయోగశాలకు అంతమందిని పిలిపించడం ఎవరివల్లా కాదు.

మన తెలుగువారి సంగతికొస్తే, హైదరాబాదులో పుట్టి పెరిగిన సత్య నాదెళ్ల నడుపుతున్న మైక్రోసాఫ్ట్ 2014లో మైన్‌క్రాఫ్ట్ ఆట తయారుచేసిన కంపెనీని 250 కోట్ల డాలర్లకు కొన్నది. 2016లో ఆ ఆటనే కృత్రిమ మేధకు ప్రయోగశాలగా మలిచి, విశ్వవిద్యాలయాల పరిశోధకులకు ఉచితంగా ఇచ్చింది.

ఇంకా దగ్గరికి వద్దాం. జబ్బు ముదిరితే మనం వేలూరు సి.ఎం.సి.కి పోతాం కదా. ఆ ఆస్పత్రి, మద్రాసు ఐఐటీ కలిసి ప్లూటో అనే చిన్న యంత్రం తయారుచేశాయి. పక్షవాతంతో చేయి చచ్చుబడినవారు దాని పిడి పట్టుకుని తిప్పుతుంటే ఎదుటి తెరమీద ఆట నడుస్తుంది. వ్యాయామం అంటే విసుక్కునే మనిషి ఆట కోసం ఇంకో పదిసార్లు చేయి తిప్పుతాడు. దాన్ని తయారుచేసి అమ్మే పని ఒక కంపెనీకి అప్పగించారు. ఆస్పత్రి, విద్యాసంస్థ, కంపెనీ: మూడూ కలిస్తేనే అది రోగి ఇంటికి చేరింది.

ఇందులో జాగ్రత్తలూ ఉన్నాయి. కంపెనీకి ఆరు నెలల్లో ఫలితం కావాలి, పిహెచ్‌.డి.కి నాలుగైదేళ్లు పడుతుంది. కనిపెట్టింది ఎవరిది, దాన్ని పత్రికల్లో ప్రచురించవచ్చా లేదా అన్నది మొదటి రోజే కాగితం మీద రాసుకోవాలి. పిల్లల్ని ఫోనుకు అతుక్కుపోయేలా చేయడానికి కూడా ఈ చదువు పనికొస్తుంది. అందుకే మన పిల్లలు అక్కడ ఉండాలంటున్నాను. పిల్లల్ని పెంచే ఇళ్ల నుంచి వచ్చినవాళ్లకు ఆ బాధ తెలుస్తుంది.

ఇక డబ్బు. ప్రభుత్వ జె.ఆర్‌.ఎఫ్‌. వస్తే 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ల తర్వాత 42,000. సగం ప్రభుత్వం, సగం కంపెనీ భరించే ఫెలోషిప్ పద్ధతి కూడా మన దేశంలో వచ్చింది. అయితే మైనారిటీ పరిశోధకుల కోసం 2009 నుంచి ఇస్తూ వచ్చిన మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను 2022–23 నుంచి ఆపేశారు. వేరే ఫెలోషిప్పులు ఉన్నాయి కదా అన్నది ప్రభుత్వం చెప్పిన కారణం. ఏదైతేనేం, ఒక తలుపు మూసుకుంది. మిగిలిన తలుపుల దాకా పిల్లల్ని నడిపించడం మన పని.

నేను లక్షలు అడగడం లేదు. మూడు పనులు అడుగుతున్నాను. ఒకటి, గేట్, నెట్ పరీక్షల ఫీజు, ఇంటర్వ్యూకు పోయివచ్చే ఖర్చు. రెండు, సీటు వచ్చాక ఫెలోషిప్ చేతికొచ్చే దాకా హాస్టలుకు, భోజనానికి ఖర్జే హసనా. వడ్డీ లేని అప్పు. బకాయిలు ఒక్కసారి పడగానే తిరిగి కడతారు, అదే డబ్బు ఇంకొకరికి పనికొస్తుంది. మూడు, మన గ్రంథాలయ గదిలో ఒక మంచి కంప్యూటరు. జకాత్ ఎక్కడ వాడవచ్చో ఆలిమ్‌లు చెబుతారు. నేను అడిగేది సదఖా.

ఈ హాలులోనే వెనక వరుసలో ఒక అమ్మాయి కూర్చుని ఉంది. బి.టెక్‌. చివరి ఏడు. వాళ్ల నానమ్మకు కుడిచేయి పడిపోతే, ఇంట్లో ఫోనుతోనే ఆడే చిన్న ఆట తయారుచేసి ఆమె చేత రోజూ చేయి ఆడిస్తోంది. ఇదే పని మీద పై చదువు చదవాలని ఉందని పోయిన నెల నా దగ్గరికొచ్చి చెప్పింది. ఈసారి నేను నవ్వలేదు. "సంఘంలో అడుగుతాను బేటీ" అన్నాను.

అడిగాను. ఇక మీదే భారం. అల్లాహ్ మీ దాతృత్వాన్ని స్వీకరించుగాక. ఆమీన్.