పిల్లల పళ్ళ వరస: ఎవరికి చూపించాలి, ఎంత అవుతుంది

(ఆటోనగర్‌లో పాల సంఘాల సభ్యుల సమావేశంలో ఒక పశువైద్యుడు చేసిన ప్రసంగ పాఠం)

పశువుల డాక్టరు పిల్లల పళ్ళ గురించి మాట్లాడటమేమిటని కొందరు నవ్వుకుంటున్నారు. పెయ్య నోరు తెరిచి రెండు పళ్ళు వేసిందా, నాలుగు వేసిందా అని చూసుకొని గాని బేరమాడని మనం, ఇంట్లో పిల్లల నోరు మాత్రం నొప్పి వస్తేనే చూస్తాం. "పిల్లకు ఎత్తు పళ్ళండీ, క్లిప్పులు వేయించాలంటే ఎవరి దగ్గరకు పోవాలి, ఎంతవుతుంది?" అని మన తల్లులు తరచు అడుగుతున్నారు. దంత వైద్యుల వద్ద తెలుసుకున్న సంగతులు చెబుతాను. మీ పిల్లకు ఏది తగునో నిర్ణయించవలసింది మాత్రం వారే.

పళ్ళ డాక్టరు అని బోర్డు ఉన్నంత మాత్రాన ఈ పనిలో ప్రత్యేక శిక్షణ పొందినవారని అనుకోరాదు. బి.డి.ఎస్. చదివినవారు పుచ్చు పళ్ళు బాగుచేస్తారు, పన్ను తీస్తారు. పళ్ళ వరస, దవడల పొందిక సరిచేయడానికి ఆ పైన మూడేళ్ళు ఎం.డి.ఎస్. ఆర్థోడాంటిక్స్ చదివిన స్పెషలిస్టులు వేరే ఉన్నారు. చాలా క్లినిక్కులలో ఈ స్పెషలిస్టు నెలలో ఒకటి రెండు రోజులు మాత్రమే వచ్చి పోతుంటారు. అందులో తప్పేమీ లేదు. కాని ఆయన పేరేమిటి, రాష్ట్ర డెంటల్ కౌన్సిల్‌లో నమోదు ఉన్నదా, ఏ రోజు వస్తారు, మధ్యలో తీగ ఊడి చెంపకు గుచ్చుకుంటే ఎవరు చూస్తారు అన్నవి ముందే అడగాలి. అడిగితే చిరాకుపడే చోట రెండేళ్ళు వైద్యం చేయించుకోవడం కష్టం.

అవును, రెండేళ్ళు. పన్ను ఎముకలో నాటుకొని ఉంటుంది. తీగ మెల్లగా ఒత్తుతుంటే ఒక పక్క ఎముక కరుగుతూ, రెండో పక్క కొత్తగా ఏర్పడుతూ ఉంటే పన్ను జరుగుతుంది. దీనిని తొందరపెట్టరాదు. సాధారణంగా ఏడాదిన్నర నుంచి రెండేళ్ళు, కొందరికి ఇంకా ఎక్కువ పడుతుంది. నాలుగు నుంచి ఆరు వారాలకొకసారి వెళ్ళి తీగ సరిచేయించుకోవాలి. కనుక దగ్గరలో ఉన్న మంచి డాక్టరు, దూరంలో ఉన్న గొప్ప డాక్టరు కంటె మేలని నా అభిప్రాయం.

చెంబులో పాలు చూసి వెన్న శాతం చెప్పలేము గదా! అలాగే నోరు ఒక్కసారి చూసి "ఇంత అవుతుంది, రేపు వేసేద్దాం" అనేవారిని నమ్మకండి. దవడల ఎక్స్‌రేలు, పళ్ళ అచ్చు తీసిన తరువాతే నిర్ణయం. చోటు చాలకపోతే కొన్ని పళ్ళు తీయవలసి రావచ్చు. దానికి భయపడనక్కరలేదు గాని, ఎందుకు తీస్తున్నారో ఎక్స్‌రేలో చూపించమని అడగండి.

క్లిప్పులలో స్టీలువి అన్నింటికంటె చవక, గట్టివి. పంటి రంగులో ఉండే సిరామిక్‌వి అంతగా కనిపించవు, ధర ఎక్కువ. తీసి పెట్టుకునే పారదర్శక అలైనర్లు ఇంకా ఖరీదు. ప్రైవేటులో లక్ష దాటడం మామూలే. అవి రోజుకు ఇరవై గంటలకు పైగా నోట్లో ఉండాలి. ఆడుకుంటూ తీసి పారేసే పిల్లవాడికి ఆ డబ్బు దండుగ. చాలామంది పిల్లలకు స్టీలు క్లిప్పులు సరిపోతాయి.

ఇక ఖర్చు. ఇక్కడ ఆటోనగర్ షెడ్డులో లారీ విప్పకముందే సామానుకు ఎంత, కూలికి ఎంత అని ఎస్టిమేటు రాయించుకుంటాం. అదే పద్ధతి ఇక్కడా పాటించండి. లెక్క కోసం మొత్తం 36,000 రూపాయలు అనుకుందాం. మొదట 9,000 కట్టి, మిగిలినది నెలకు 1,500 చొప్పున 18 నెలలు కడితే పాల బిల్లు మీద మోయగలిగిన బరువే. అయితే ఎక్స్‌రేలు, పళ్ళు తీయడం, ఊడిన బ్రాకెట్ తిరిగి అంటించడం, చివర ఇచ్చే రిటైనర్లు ఆ మొత్తంలో ఉన్నాయా, వేరా? వైద్యం 18 నెలలు దాటితే నెలవారీ సొమ్ము ఆగుతుందా, సాగుతుందా? కాగితం మీద రాయించుకోండి. ఈ.ఎస్.ఐ. కార్డు ఉన్న కుటుంబాలు ముందుగా తమ డిస్పెన్సరీలో విచారించాలి.

రుషికొండలోని గీతం దంత వైద్య కళాశాలలోను, తగరపువలస దగ్గర సంగివలసలోని అనిల్ నీరుకొండ దంత వైద్య కళాశాలలోను ఈ విభాగాలున్నాయి. ప్రొఫెసర్ల పర్యవేక్షణలో పీజీ విద్యార్థులు వైద్యం చేస్తారు. కళాశాలల్లో ఫీజు సాధారణంగా ప్రైవేటు కంటె తక్కువ. కాని ఇవి మనకు నగరానికి ఆ చివర. ఇరవై సార్లు వెళ్ళాలంటే బస్సు చార్జీ, పోయిన రోజు కూలి కలిపి చూసుకోండి. చూసే విద్యార్థి చదువు ముగిసి వెళ్ళిపోతే మీ కేసు ఎవరికి అప్పగిస్తారో కూడా అడగాలి.

పెళ్ళి కుదిరాక పరుగెత్తుకొచ్చేవారున్నారు. "నెలలో సరిచేస్తాం" అని ఆరోగ్యమైన పళ్ళు అరగదీసి తొడుగులు వేసే పద్ధతి ఒకటుంది. అరిగిన పన్ను తిరిగి పెరగదు. తొడుగు పాడైనప్పుడల్లా మార్చుకోవాలి. పెళ్ళివారు ఏమన్నా, ఆడపిల్ల పళ్ళతో ఈ పని చేయించవద్దని గట్టిగా చెబుతున్నాను. ముందు పళ్ళ సందు పూడ్చడానికి ఇంట్లోనే రబ్బరు బ్యాండు వేసేవారున్నారు. అది చిగురు లోపలికి జారి వేరు దాకా పోతుంది. చివరకు పన్నే ఊడుతుంది.

అమెరికాలోని ఆర్థోడాంటిస్టుల సంఘం ఏడో ఏట ఒకసారి చూపించమంటుంది. క్లిప్పులు అప్పుడే వేయడానికి కాదు, దవడ ఎదుగుదల చూడటానికి. పాల పళ్ళు ఎలాగూ ఊడేవే అని పుచ్చిపోనివ్వకండి. వెనుక పాల పన్ను ముందే పోతే పక్క పళ్ళు ఆ చోటులోకి వాలిపోయి, వచ్చే పన్నుకు దారి ఉండదు.

క్లిప్పులున్నన్నాళ్ళు ప్రతి భోజనం తరువాత బ్రష్ చేయాలి. చెరకు, వేరుశనగ ఉండలు మానాలి. డబ్బు లేక సగంలో ఆపవలసి వస్తే చెప్పి తీయించండి. పట్టించుకోక వదిలేసిన క్లిప్పుల చుట్టూ పళ్ళు పుచ్చుతాయి. క్లిప్పులు తీసిన తరువాత రిటైనర్ పెట్టుకోకపోతే పళ్ళు తిరిగి పాత చోటికి జరుగుతాయి. పిల్లలు దానిని కాగితంలో చుట్టి ఎక్కడో పారేసుకుంటారు. కొత్తది చేయించడానికి ఎంతవుతుందో కూడా మొదటి రోజునే ఆ కాగితం మీద రాయించుకోండి.