పురుటి గదిలో తొలి నిమిషం
(మహాసభ సందర్భంగా జరిగిన కుటుంబ సంక్షేమ సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



జీతభత్యాల గురించి మాట్లాడవలసిన వేదికపై పురుటి గది ప్రస్తావన ఎందుకని కొందరు మిత్రులు మమ్ములను అడిగారు. మన గ్యాంగ్‌మన్ సోదరుని ఇంట తొలిచూలు బిడ్డ ఏడవకుండానే కన్నుమూసినది. ఆ ఆసుపత్రిలో గాలిసంచి, మాస్కు లేకపోలేదు, బీరువాలో ఉన్నవి. తాళంచెవి పగటి డ్యూటీ నర్సుతో ఇంటికి వెళ్ళినది. అందుకే ఈ ప్రస్తావన.

గర్భస్థ శిశువుకు ప్రాణవాయువు తల్లి రక్తం నుండి మాయ ద్వారా అందుతుంది. నొప్పి వచ్చిన ప్రతిసారీ ఆ సరఫరా కొంత తగ్గి, విరామంలో తిరిగి కోలుకుంటుంది. ఆ విరామమే లేకుండా చేస్తే? కానుపు త్వరగా కావాలని, బిడ్డ పుట్టకముందే ఆక్సిటోసిన్‌ను కండకు పొడిచే దురలవాటు మన దేశంలో ఇంకా పోలేదు. అవసరమైతే దానిని సెలైన్‌లో చుక్కలు లెక్కించి, బిడ్డ గుండెచప్పుడు వింటూ ఎక్కించవలెను. (కానుపు తరువాత రక్తస్రావం నివారించుటకు ఇచ్చే సూది సంగతి వేరు.)

ఆ గుండె నిమిషానికి 110 నుండి 160 సార్లు కొట్టుకోవలెను. నొప్పులు సాగుతుండగా అరగంటకొకసారైనా, బిడ్డ బయటకు వచ్చే దశలో 5 నిమిషాలకొకసారి వినవలెను. సిగ్నలు చూడని డ్రైవరును ఎవరూ క్షమించరు. సిగ్నలు చూచుటకు మనిషినే నియమించని వారినేమనాలి?

పుట్టిన నూరుగురిలో సుమారు 10 మందికి ఊపిరి అందుకొనుటకు సాయం కావాలి. పొడిబట్టతో తుడిచి, వెచ్చగా ఉంచి, వీపు రుద్దితే చాలామంది ఏడుస్తారు. తలక్రిందులుగా వేలాడదీయుట, చన్నీళ్ళు చల్లుట హానికరం. అప్పటికీ ఊపిరి రాకుంటే మొదటి నిమిషంలోనే సంచితో గాలి అందించవలెను. నెలలు నిండిన బిడ్డకు మొదట మామూలు గాలి చాలును. సిలిండరు లేదని చేతులు ముడుచుకొననక్కరలేదు.

ఇది పెద్ద డాక్టర్లకే సాధ్యమనుకొనరాదు. మహారాష్ట్రలోని గడ్చిరోలిలో అభయ్ బంగ్, రాణీ బంగ్ డాక్టర్ దంపతులు 39 గ్రామాలలో పల్లె స్త్రీలకే నవజాత శిశు సంరక్షణలో శిక్షణనిచ్చారు. ఊపిరందని బిడ్డకు చేయవలసిన చికిత్స అందులో ఒక భాగం. పోల్చి చూచిన ఇతర గ్రామాలకంటె అక్కడ నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గినట్లు 1999లో ప్రకటించారు. కేంద్ర ప్రభుత్వం కూడ 2009లో నవజాత శిశు సురక్షా కార్యక్రమం ప్రారంభించినది.

కనుక రైల్వే ఆసుపత్రులలో ప్రతి షిఫ్టుకూ శిక్షణ పొందిన మనిషి ఉండాలని కోరుతున్నాము. గ్రామీణ డాక్ సేవకుల కుటుంబాలు ఎక్కువగా ప్రభుత్వాసుపత్రులకే పోతాయి. అక్కడా ఇదే కోరవలెను. ప్రతి శాఖ కార్యదర్శీ తమ ప్రాంతపు పురుటి గదికి రాత్రి వేళ వెళ్ళి రెండే ప్రశ్నలు అడిగి, జవాబులు మాకు వ్రాసి పంపవలెను: సంచి ఎక్కడ ఉన్నది? ఈ రాత్రి దానిని వాడగలవారెవరు?