క్రోంఫర్డు గ్రామము



ఇంగ్లండులో డెర్బీషైరునందు డెర్వెంటు నదీతీరమున క్రోంఫర్డు అను చిన్న గ్రామము కలదు. చుట్టును కొండలు, పచ్చిక బయళ్లు, రాతి ఇండ్లు. చూచువారికి అది సేద్యము తప్ప మరొకటి ఎరుగని పల్లెగా తోచును. కాని లోకమున నూలు వడకు తీరును మార్చిన ఊళ్లలో అది మొదటి వరుసలోనిది.

మచిలీపట్టణము మొదలైన మన తీరపు రేవులనుండి వెళ్లిన అద్దకపు బట్టలపై ఆంగ్లేయులు మక్కువపడిరి. అచటి ఉన్ని, పట్టు పనివారు మొరపెట్టగా ప్రభుత్వము 1700లో వాని దిగుమతిని, 1721లో వాడుకను చట్టములచే అరికట్టెను. స్వదేశమున నేయుదమన్నను, వారి నూలు పడుగునకు పట్టు చాలక అవిసె నారదారమును కలుపవలసి వచ్చెడిది.

ఆ కొరతను తీర్చినవాడు రిచర్డు ఆర్క్‌రైటు. 1732లో పేదయింట పుట్టి, క్షురకవృత్తితో బ్రదుకు మొదలిడిన ఇతడు 1769లో వడకు యంత్రమునకు పేటెంటు పొందెను. 1771లో క్రోంఫర్డున నీటిచే నడచు మిల్లును నెలకొల్పెను. అచటి సీసపు గనుల నీరు ఒక సొరంగపు కాలువగుండ వెలికి వచ్చెడిది. భూగర్భజలము గోరువెచ్చన, మంచుకాలమునను గడ్డకట్టదు. కావున చక్రము ఏడాది పొడుగున తిరిగెను. 1774లో స్వదేశపు నూలుబట్టలకు చట్టము అనుమతి నిచ్చెను. పనివారికై మూడంతస్తుల ఇండ్లు లేచెను. పై అంతస్తున నేత సాగెను. మిల్లులో స్త్రీలు, పసిపిల్లలు రేయింబవళ్లు వంతులవారీగా శ్రమించిరి. ఆర్క్‌రైటు 1786లో సర్ బిరుదము పొంది, 1792లో ఐశ్వర్యవంతుడుగా మరణించెను.

పిదప 19వ శతాబ్దమున మిల్లునూలు, మిల్లుబట్ట మన తీరమునకే ఓడలపై వచ్చెను. ఎన్నో నేత కుటుంబములు మగ్గములు విడిచెను. క్రోంఫర్డునకును కలిమి నిలువలేదు. 1840 దశకమున మరింత లోతుగా త్రవ్విన వేరొక గనికాలువ ఆ నీటిని లాగికొనెను. గని ఇచ్చిన నీటిని గనియే తీసికొనెను, చక్రము చతికిలబడెను.

2001లో యునెస్కో ఆ లోయలోని మిల్లులను ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించెను. నేడు యాత్రికులు వానిని చూచి ఆర్క్‌రైటు మేధను మెచ్చుకొనుచున్నారు. మెచ్చదగినదే. అయితే ఆ చక్రమువెంట అచటి పిల్లల నిద్రయు, ఇచటి నేతవారి కూడును పోయినవని మరువరాదు. మచిలీపట్టణము చెంత పెడనలో కలంకారీ అద్దకము నేటికిని సాగుచున్నది. క్రోంఫర్డు మిల్లు చూడదగిన కట్టడమై మిగిలెను; పెడనలో చేతిపని ఇంకను కూడు పెట్టుచున్నది.